ఉప్పుగాలి, గడియ, నాలుగు మరలు

నెల్లూరు వైపు ఇల్లు విడిచి కదిలేముందు తప్పకుండా వినిపించే ప్రశ్న ఒకటుంది: "బీగం వేశారా?" మిగతా కోస్తాలో తాళం అనేదాన్ని ఇక్కడ చాలామంది బీగం అంటారు. తిరుమలకు పోతున్నా, చెన్నైలో ఆసుపత్రికి పోతున్నా, సంక్రాంతికి సొంతూరు పోతున్నా ఆ బీగాన్ని రెండుసార్లు గుంజి చూసుకుంటేగానీ మనసు కుదుటపడదు. ఇలాంటి ప్రయాణాల కోసమే ఆంధ్రప్రదేశ్ పోలీసుల దగ్గర ఒక ఏర్పాటు ఉంది. ఊరెళ్ళే తేదీలు ఫోన్ యాప్‌లో ముందుగా చెబితే సిబ్బంది వచ్చి ఇంట్లో కెమెరా అమర్చిపోతారు. లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూముకు కబురు అందుతుంది. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. దాని పేరు ఎల్‌హెచ్ఎంఎస్, లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్. తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా అన్నమాట. ఆ పేరును కాస్త నిదానంగా చదివితే అందులో ఒక ఒప్పుకోలు దొరుకుతుంది. ప్రత్యేకంగా కాపలా కావలసింది తాళం వేసిన ఇంటికి! భద్రత కోసం మనం తగిలించిన కప్పే, ఇంట్లో ఎవరూ లేరన్న సంగతిని వీధిలో పోయేవాడికి చెప్పే బోర్డు అవుతోంది.

అలాగని తాళాలు దండగ అనడం లేదు. మనం ఖర్చు పెట్టే చోటు తప్పు అంటున్నాను. ఇల్లు కట్టుకునేవాళ్ళు దుకాణంలో తాళం బరువు చూస్తారు, కంపెనీ పేరు చూస్తారు, ఎన్ని చెవులు ఇస్తారో అడుగుతారు. ఆ తాళం తగిలే గొళ్ళేన్ని, గొళ్ళెం బిగిసిన చెక్కను, చెక్కలో దిగిన మరలను మాత్రం వడ్రంగి సంచికి వదిలేస్తారు. ఎక్కడైనా ఇది పొరపాటే. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో ఇంకా పెద్ద పొరపాటు. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, తూపిలిపాళెం లాంటి చోట్ల ఉప్పుగాలి ముందుగా తినేది మన కంటికి కనబడని ఆ చిన్న సామానునే.

దొంగ పనికి తెలుగులో ఉన్న పాత మాట కన్నం. ఇంటికి కన్నం వేశారంటే నిజంగా గోడకు బొక్క పెట్టారనే. మట్టిగోడల కాలంలో తలుపు కన్నా గోడ మెత్తన, అందుకే దొంగ చేతిలో గునపం ఉండేది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 445వ సెక్షన్ ఇల్లు పగలగొట్టడమంటే ఏమిటో చెబుతూ ఆరు దారులు లెక్కపెట్టింది. వాటిలో మొదటిది దొంగ తానే చేసుకున్న దారి, అంటే మన కన్నమే. మనుషులు రావడానికి ఉద్దేశించని సందులోంచి దూరడం, గోడెక్కి దిగడం, తాళం తెరవడం, మూసి బిగించిన దారిని విప్పడం, కాపలా మనిషిని కొట్టో బెదిరించో లోపలికి పోవడం, ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలోనూ 330వ సెక్షన్ కింద ఆ ఆరూ అలాగే కొనసాగుతున్నాయి. చట్టం రాసినవాళ్ళకు తాళం ఆరింటిలో ఒక్కటి మాత్రమే అన్న స్పృహ ఉంది. మనకే అది తగ్గింది. తీరంలోని పాళెంలలో, అంటే జాలరిపల్లెల్లో, ఒకప్పుడు తాటాకు ఇంటికి తడికే తలుపు, దానికి తాళం వేసినా వేయకపోయినా ఒకటే. తుపానులు, 2004 డిసెంబరు సునామీ తర్వాత పక్కా ఇళ్ళ కాలనీలు పెరిగాయి. గోడ సిమెంటుదయింది, కప్పు కాంక్రీటుదయింది. గునపానికి గోడ లొంగకపోయేసరికి ఇంటి బలహీనత మొత్తం వచ్చి తలుపు, కిటికీ, వెంటిలేటరు దగ్గర కూచుంది.

ఒక మనిషి భుజంతో తలుపును గుద్దాడనుకుందాం. ఆ దెబ్బ గడియ మీదికి వస్తుంది, గడియ నుంచి అది దూరిన కన్నానికి, ఆ కన్నం ఉన్న రేకును పట్టుకున్న మరలకు, మరల నుంచి ద్వారబంధం చెక్కకు, చెక్క నుంచి గోడలో పాతిన ఇనప పట్టీలకు దిగుతుంది. ఈ వరసలో ఏది బలహీనమో తలుపు బలం అంతే. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే ఆల్‌డ్రాప్ చూడండి. భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 281 కింద దీన్ని తాళంకప్పతో వాడే మైల్డ్ స్టీలు జారుడు బోల్టు అని పిలుస్తుంది. కడ్డీ వేలంత లావుంటుంది, దానికి తగిలించిన కప్ప పిడికిలంత ఉంటుంది. ఈ బరువంతా మోసేది అర అంగుళం మరలు నాలుగు. తాళాన్ని కోయాల్సిన పనేముంది, ఆల్‌డ్రాప్ మొత్తం చెక్కనుంచి ఊడి వస్తుంటే? పగిలిన తలుపు పక్కన చెక్కుచెదరని తాళం వేలాడటం వింతేమీ కాదు. దీనితో పోలిస్తే పాత లోగిళ్ళలో వాడిన అడ్డగడియ ఎంతో తెలివైనది. తలుపు వెనక అడ్డంగా వేసే ఆ దుంగ రెండు కొసలూ గోడల్లో వదిలిన గూళ్ళలో కూచుంటాయి. తలుపును ఎంత గుద్దినా ఆ బలం నేరుగా గోడకు పోతుంది. మధ్యలో మర లేదు, మేకు లేదు, తుప్పు పట్టడానికి ఇనుమే లేదు.

ఇప్పుడు ఆ నాలుగు మరల సంగతికి వద్దాం. సముద్రపు గాలి తెచ్చే సన్నని ఉప్పు తుంపర తలుపు మీద, గ్రిల్ మీద, తాళం సందుల్లో పేరుకుంటుంది. ఉప్పుకు చెమ్మను పీల్చుకునే గుణం ఉంది కాబట్టి, ఎండగా ఉన్న రోజున కూడా లోహం మీద ఒక పలుచని తడిపొర నిలుస్తుంది. ఆ పొరలోని క్లోరైడు ఇనుమును తినడమే కాదు, మామూలు స్టెయిన్‌లెస్ స్టీలుకు రక్షణగా ఉండే పైపొరను కూడా అక్కడక్కడ ఛేదించి సూదిమొన గుంటలు చేస్తుంది. అందుకే తీరంలో 304 రకం స్టీలు కన్నా మాలిబ్డినం కలిసిన 316 రకం ఎక్కువకాలం మన్నుతుంది. రెండూ చూడ్డానికి ఒకేలా తళతళలాడతాయి, కొనేటప్పుడు అడిగి తీసుకోవాల్సిందే. ఇంతకన్నా ఎక్కువగా జరిగే పొరపాటు మరొకటుంది. ఖరీదు పెట్టి ఇత్తడి గడియ కొంటారు, దాన్ని ఇనప మరలతో బిగిస్తారు. ఉప్పు తడిలో రెండు వేరు లోహాలు ఆనుకుని ఉంటే అది చిన్న బ్యాటరీలాగా పనిచేస్తుంది, రెంటిలో ఇనుము త్వరగా కరుగుతుంది. ఇత్తడి మెరుస్తూనే ఉంటుంది, దాని వెనక మర సన్నబడిపోతుంది. తుప్పు చుట్టూ ఉన్న చెక్క కూడా నల్లబడి, మెత్తబడి, మరకు పట్టు లేకుండా పోతుంది. గడియ ఏ లోహమో మర కూడా ఆ లోహమే ఉండాలి, ద్వారబంధం చెక్కలోకి అయితే కనీసం రెండు అంగుళాలు దిగాలి, వదులైన పాత కన్నంలోనే మళ్ళీ తిప్పకుండా కొత్త చోట పట్టించాలి. పెద్ద తాళానికి పెట్టే డబ్బులో చిన్న వంతుతో అయ్యే పని ఇది. ఉప్పు ఇసుకతో గోడ కట్టిన ఇళ్ళలో ద్వారబంధాన్ని పట్టుకున్న పట్టీలు కూడా గోడ లోపలే తుప్పు పడతాయి. తలుపు గట్టిగా వేసినప్పుడు బంధం పక్కన సున్నం పొడి రాలుతోందంటే అనుమానించాలి.

తాళం లోపలి భాగాలకు మనవాళ్ళు వేసే మందు కొబ్బరినూనె. రెండు రోజులు చెవి హాయిగా తిరుగుతుంది. ఆ తర్వాత నూనె జిగురై, తీరం ఇసుకను పట్టుకుని, లోపల గంధంలా తయారవుతుంది. పలుచని యంత్రనూనె ఒక్క చుక్క చాలు, అదీ పాత మడ్డిని కడిగాక. గ్రిల్లుకు రంగు వేసేటప్పుడు అందరూ ముందువైపు చూస్తారు. నీళ్ళు నిలిచేది కింది అడ్డపట్టీ మీద, కడ్డీ దానికి అతుక్కున్న వెల్డింగు దగ్గర. స్క్రూడ్రైవరు మొనతో అక్కడ పొడిచి చూస్తే పెంకులు రాలతాయో లేదో తెలిసిపోతుంది.

నెల్లూరు జిల్లాకు పెద్ద వాన ఈశాన్య రుతుపవనాలదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెక్క తలుపులు నీళ్ళు తాగి ఉబ్బుతాయి, రోహిణి కార్తె ఎండలకు కుదించుకుపోతాయి. ఈ రెంటి మధ్య తలుపు అంచు జరిగే దూరం తక్కువే, కానీ టవర్ బోల్టు తన కన్నంలో దిగకుండా పోవడానికి అంత చాలు. అప్పుడేం చేస్తాం? పైన గడియ పడటం లేదులే అని కిందిది ఒక్కటే వేస్తాం. మరో నెలకు అదీ పడదు, మధ్య గొళ్ళెంతో సరిపెడతాం. మూడు చోట్ల పట్టు ఉండాల్సిన తలుపు ఒక చోట నిలుస్తుంది. రెండు రెక్కల తలుపయితే ఇది మరీ ప్రమాదం. కదలకూడని రెక్కను పైనా కిందా పట్టి ఉంచే గడియలు పొట్టివయితే, మధ్యలో ఎంత గొప్ప తాళం ఉన్నా రెండు రెక్కలూ కలిసే లోపలికి ఊగుతాయి. వడ్రంగిని పిలవాల్సింది వానాకాలం నడుమ. ఉబ్బిన తలుపుకు పనిచేసేలా కన్నాన్ని సరిచేస్తే ఎండాకాలంలో అది ఎటూ పనిచేస్తుంది.

గడియలకు ఇక్కడ దొంగ ఒక్కడే శత్రువు కాదు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర, 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుపానులను ఈ జిల్లా పెద్దలు ఇంకా తేదీల్లా వాడుతుంటారు. గాలి కొట్టే వైపున ఒక కిటికీ తెరుచుకుందంటే గాలి లోపల చేరి కప్పును కిందినుంచి ఎత్తుతుంది, అదే సమయంలో పైనుంచి గాలి దాన్ని పీకుతూనే ఉంటుంది. రేకుల ఇళ్ళు ఎగిరిపోవడంలో ఇదొక ముఖ్యమైన కారణం. భుజం దెబ్బకు ఆగే తలుపు గాలిదెబ్బకూ ఆగుతుంది, అదే మర, అదే చెక్క. పైగా తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఇల్లు వదిలి షెల్టరుకు కదలడానికి జనం వెనకాడేది చాలాసార్లు సామాను మీద బెంగతోనే. తలుపు మీద నమ్మకం ఉన్నవాళ్ళ కాళ్ళు కొంచెం త్వరగా కదులుతాయి. ఇంటి తాళాన్ని విపత్తు జాగ్రత్తల కింద ఎవరూ లెక్కవేయరు, ఈ తీరంలో మాత్రం వేయాలి.

కిటికీల దగ్గర మనం తలుపు కన్నా ఎక్కువ ఉదాసీనంగా ఉంటాం. పాత ఇళ్ళలో చువ్వలు కిటికీ చట్రంలోంచి దూర్చి గుచ్చినవి, చట్రం విప్పితే తప్ప రావు. ఇప్పటి గ్రిల్లును చాలాచోట్ల చట్రం మీద పైనుంచి నాలుగు మరలతో బిగించి వదులుతున్నారు, ఒక్కోసారి బయటివైపునే. బయటినుంచి తిప్పగలిగిన మర దొంగకు మనం ఇచ్చిన చెవి. వాటి తలలను వెల్డింగుతో మూయించడం గంట పని. జారుడు కిటికీలకు, అల్యూమినియంవైనా యూపీవీసీవైనా, వాటితో వచ్చే చిన్న కొక్కెం గాలికి తెరుచుకోకుండా ఆపడానికి సరిపోతుంది, అంతే. రెక్కను పైకెత్తి పట్టాలోంచి తప్పించడం కూడా కుదురుతుంది. పైపట్టాలో ఒక మర దించి ఎత్తే సందు లేకుండా చేసి, కింది పట్టాలో అడ్డుకట్టగా ఒక స్టాపరు బిగిస్తే ఈ రెండు దారులూ మూసుకుంటాయి. స్నానాలగది వెంటిలేటరులో గాజుపలకలు ఒక్కొక్కటే జారి బయటికి వస్తాయి, లోపలివైపు గ్రిల్ ఉండాల్సిందే. వేసవి రాత్రుల్లో ఉక్కకు తాళలేక మిద్దె మీదికి పోయి పడుకుంటాం, కింద తలుపు దగ్గరికి వేసి. ఆ వేళ మెట్ల తలుపు కూడా వీధి తలుపుతో సమానం.

తాళం ఎంచుకోవడం దగ్గరికి వస్తే చెప్పాల్సింది తక్కువే. 1897లో అర్దేషిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళాల తయారీ మొదలుపెట్టినప్పటి నుంచి మన దేశంలో మంచి తాళానికి కొరత లేదు. పొరుగు రాష్ట్రం తమిళనాడులోని దిండిగల్ తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బయట వేలాడే కప్ప కన్నా తలుపులో ఇమిడిపోయే తాళం మేలు, ఇంట్లో మనుషులున్నారో లేరో అది చెప్పదు. అయితే పలుచని తలుపుకు లోపలి తాళం కోసం గాడి తొలిస్తే రెండు పక్కలా మిగిలేది అట్టంత చెక్క. అలాంటి తలుపుకు లోపలివైపున పైకి బిగించే డబ్బా తాళమే నయం. అద్దె ఇంట్లో దిగినవాళ్ళు తాళం మార్చనక్కర్లేదు, లోపలి సిలిండరు మార్చుకుంటే పాత చెవులన్నీ చెల్లకుండా పోతాయి. పూలకుండీ కింద చెవి దాచే అలవాటు గురించి, బీరువా తాళంచెవిని బీరువా నెత్తినే పెట్టే తెలివి గురించి విడిగా రాయక్కర్లేదనుకుంటాను.

పట్టుబట్టిన దొంగను ఏ తాళం ఆపుతుందని అడిగేవాళ్ళు ఉంటారు. మాట నిజమే. లండన్‌లో జోసెఫ్ బ్రామా కంపెనీ తన తాళాన్ని తెరిచినవాడికి 200 గినీల బహుమానమని దశాబ్దాలపాటు దుకాణం కిటికీలో పెట్టింది. 1851 మహా ప్రదర్శన ఏడాదిలో అమెరికా నుంచి వచ్చిన ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ దాన్ని తెరిచాడు. పట్టిన కాలం 16 రోజుల్లో మొత్తం 51 గంటలు! తాళం ఓడిపోయిందని అప్పట్లో గోల జరిగింది కానీ, 51 గంటలు ఇంటి గుమ్మంలో కూచునే దొంగ ఎక్కడ దొరుకుతాడు? తాళం నుంచి మనం అడగాల్సింది కాలం, చప్పుడు. ఐరోపాలో ఇళ్ళ తలుపులకు సాధారణంగా కోరే ఆర్‌సీ2 తరగతి అనేది మామూలు చేతిపనిముట్లతో పరీక్షిస్తే 3 నిమిషాలు నిలవడం మాత్రమే. మూడు నిమిషాలంటే ఎంతో తక్కువ అనిపిస్తుంది. అర్ధరాత్రి వీధిలో తలుపు మీద మూడు నిమిషాలు చప్పుడు చేయడం ఎంత ఎక్కువో దొంగకు తెలుసు.

మా ఇల్లు గట్టిదయితే వాడు పక్కింటికి పోతాడు, ఊరికి ఒరిగిందేమిటన్నది ఇంకొంచెం లోతైన అభ్యంతరం. నెదర్లాండ్స్ దీనికి అనుకోకుండా ఒక ప్రయోగం చేసిపెట్టింది. 1999 నుంచి అక్కడ కొత్తగా కట్టే ప్రతి ఇంటికీ దొంగలను నిలువరించే తలుపులు, కిటికీలు తప్పనిసరి చేశారు. బెన్ వోలార్డ్, యాన్ వాన్ ఔర్స్ అనే ఆర్థికవేత్తలు ఆ లెక్కలు తీసి 2011లో ప్రచురించారు. కొత్త ఇళ్ళలో చోరీల ముప్పు 26 శాతం తగ్గింది, పక్కనున్న పాత ఇళ్ళలో ఆ మేరకు పెరిగిన ఆనవాలు దొరకలేదు. బ్రిటన్ నేరాల సర్వే ఆధారంగా ఆండ్రోమకీ సెలోనీ బృందం చేసిన పరిశీలన ఇంకో సంగతి చెబుతుంది. కిటికీ గడియలు, తలుపుకు రెట్టింపు తాళాలు, సమయానికి వెలిగే లోపలి దీపాలు, మనిషి అలికిడికి వెలిగే బయటి దీపాలు, ఈ నాలుగూ కలిసి ఉన్న ఇల్లు ఏ రక్షణా లేని ఇంటికన్నా దాదాపు 49 రెట్లు భద్రంగా ఉంది. ఆ జాబితాలో ఖరీదైన వస్తువు ఒక్కటీ లేకపోవడం గమనించాలి. ఆ దేశాల చెక్క వేరు, వీధులు వేరు అనవచ్చు. అంకెలను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం, ఒప్పుకుంటాను. కానీ కుదరకపోతే విరమించుకునే దొంగలే ఎక్కువన్నది మాత్రం అక్కడి గాలికే పరిమితమైన గుణం కాదు.

తీరంలోని పాళెంల నుంచి వచ్చే మాట ఇంకోలా ఉంటుంది. గుమ్మానికి గుమ్మం ఆనుకున్న ఊళ్ళో, పెద్దల కట్టుబాటు, దురాయి నడిచే చోట, తాళం వేయడమే పక్కింటివాణ్ణి అనుమానించినట్టు. ఆ కాపలాకు సాటివచ్చే తాళం ఏదీ లేదు. అది ఉన్నంతకాలం సరే. వేటకు పోయే మగవాళ్ళు, ఓడరేవుల్లో, కంపెనీల్లో షిఫ్టులకు పోయే పిల్లలు, పట్నంలో చదువులు, ఇలా పగటిపూట పాళెం ఖాళీ అవుతోంది. చూసే కళ్ళు తగ్గినప్పుడు ఆ లోటును ఎంతో కొంత చెక్కా ఇనుమే పూడ్చాలి. కెమెరాలు పెట్టుకున్నాం కదా అనేవాళ్ళకు ఒక్కమాట: కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది, తుపాను తర్వాత కరెంటు లేని రోజుల్లో అదీ చూపించదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం నిప్పుది. దొంగ రాలేని ఇంట్లోంచి మనమూ బయటపడలేం. ఏసీ వైరు కాలి గది పొగతో నిండినప్పుడు, బిగించేసిన గ్రిల్లు జైలు కటకటాలతో సమానం. ప్రతి అంతస్తులో కనీసం ఒక కిటికీ గ్రిల్లుకు బందులు పెట్టి, లోపలినుంచి తెరుచుకునేలా చేయించాలి. దాని చెవి కిటికీలోంచి చెయ్యి పెడితే అందని దూరంలో, చీకట్లో తడిమినా దొరికే మేకుకు, ఎప్పుడూ ఒకేచోట వేలాడాలి. రాత్రి లోపలివైపు ఆల్‌డ్రాప్‌కు కప్ప వేసి చెవి దిండు కింద పెట్టుకునేవాళ్ళు, కప్ప బదులు లోపలినుంచి చేత్తో తిరిగే గడియ పెట్టించుకోవచ్చు. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి పెద్దవాళ్ళు మాత్రమే మిగిలిన ఇళ్ళలో చిక్కు తిరగబడుతుంది. లోపల పడిపోయిన మనిషి దగ్గరికి బయటివాళ్ళు ఎలా రావాలి? అక్కడ రాత్రిపూట పైనా కిందా టవర్ బోల్టులు వేసుకోవడం కన్నా, బయటినుంచి చెవితో, లోపలినుంచి చేత్తో తెరుచుకునే తాళం ఒకటి మేలు. రెండో చెవి పక్కింటి పెద్దమ్మ దగ్గర ఉండాలి, అది ఆమె దగ్గరుందని పిల్లలకు తెలిసుండాలి, ఆమె వారంరోజులు ఊరెళ్ళేటప్పుడు ఎవరికి ఇచ్చి పోతుందో కూడా.